పర్చూరు నుంచి అమరావతికి శనగ దారి

సంక్రాంతి వెళ్లిన వారం. పర్చూరు దగ్గర రోడ్డుకు రెండు పక్కలా శనగే. పెదనందిపాడు, గుంటూరు మీదుగా అమరావతి వెళ్లాలి. బస్సు రాలేదని గట్టు దిగి ఓ రైతును పలకరించాను. “ఏ రకం బాబాయ్?”

“జేజీ లెవనేనయ్యా. మంచుకే కాయ నిండుద్ది. కోతల్లో వాన పడకపోతే చాలు.”

ఈ జేజీ 11 జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమూ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి తయారుచేసిన రకం. 1999లో విడుదలైంది. ఎండు తెగులును తట్టుకుంటుంది, వంద రోజులకల్లా చేతికొస్తుంది. వానలు వెనకబట్టాక నల్లరేగడిలో మిగిలిన తేమ ఆరేలోపే పంట ముగియాలి. మన మెట్టలో శనగ నిలదొక్కుకుంది ఈ తొందరతోనే.

బస్సులో కూర్చున్నా నా ధ్యాసంతా ఇథియోపియా మీదే. అక్కడా ఇదే నేల, ఇదే సేద్యం: వానల చివర విత్తడం, పదును మీద పండించడం. ఆఫ్రికాలో శనగ అన్నిటికన్నా ఎక్కువ పండే దేశం అది. పటాన్‌చెరు నుంచి వెళ్లిన విత్తనాలను డెబ్రె జైట్ పరిశోధన కేంద్రం వాళ్లు తమ నేలలో పరీక్షించి, నెగ్గినవాటిని తమ పేర్లతో విడుదల చేసుకున్నారు. 2007లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో మొదలైన ట్రాపికల్ లెగ్యూమ్స్ పథకం ఆ విత్తనాన్ని రైతు గడప దాకా చేర్చే పని పెట్టుకుంది. నన్నడిగితే అసలు కష్టం అక్కడే ఉంది. మంచి రకం పరిశోధన మడిలో పుడుతుంది. అది ఊళ్లోకి రావాలంటే విత్తనం పెంచేవాళ్లు, గోదాము, సమయానికి అప్పు, నమ్మే పొరుగురైతు కావాలి.

గుంటూరులో బస్సు మారాను. అమరావతి రోడ్డెక్కగానే లాం ఫారం. 1922 నాటిది, పత్తికీ మిరపకూ పేరు. మిరప మన పంట కాదు, పోర్చుగీసువాళ్లు తెచ్చిపెట్టిందని మిర్చి యార్డులో అంటే ఊరుకుంటారో లేదో! తాడికొండ అడ్డరోడ్డు దాటాక పత్తి తీతలు.

అమరావతిలో స్తూపం చూసి, కృష్ణ ఒడ్డుకు వెళ్లొచ్చి, జొన్నరొట్టె తిన్నాను. జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. సజ్జ, రాగి, అలసంద కూడా అక్కడినుంచే వచ్చాయి. ఇథియోపియా, సూడాన్ సరిహద్దుల జెరాజెరా జొన్నలను మన శాస్త్రవేత్తలు మేలు రకాల కోసం నిన్నమొన్నటిదాకా వాడుకున్నారు. అందుకే ‘ఆఫ్రికాకు సాయం’ అన్న మాట నాకు మింగుడుపడదు. నాగుకు తెచ్చుకున్న గింజలే తిరిగి కొలుస్తున్నాం, అదీ ఇంకా పూర్తికాలేదు.