మొక్కు

12 జూలై 2025, శనివారం

రేపు లష్కర్ బోనాలు. జనరల్ బజార్‌లో ఊపిరి సలపలేదు. పదకొండు జాకెట్లు కుట్టి ఇచ్చేసరికి రాత్రి పది. సందు మలుపులో డప్పు వినిపించగానే మడమలు వాటంతటవే లేచాయి. ఊళ్లో ఎవరు పోయినా శవం ముందు నన్ను ఆడించేవాళ్లు. పదిహేడేళ్లయినా కాళ్లు మర్చిపోలేదు. డప్పు దాటిపోయేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను.

13, ఆదివారం

ఉజ్జయిని మహంకాళి గుడి వరుసలో అమ్మ, నేను, బిడ్డ. బోనం అమ్మ నెత్తిన. 1813లో ఇక్కడ కలరా వస్తే, ఉజ్జయినిలో పటాలంతో ఉన్న డోలీ బేరర్ సురిటి అప్పయ్య మొక్కుకున్నాడట. తగ్గాక 1815లో వచ్చి గుడి కట్టాడట. అప్పయ్య మొక్కు అప్పయ్యే తీర్చుకున్నాడు.

అన్నకు జ్వరం తగ్గాలని 1994లో మావాళ్లు ఎల్లమ్మకు మొక్కి, ఆ మొక్కు నాతో తీర్చారు. నాకు ఏడేళ్లు. పసుపు నీళ్లు పోసి గుడి ముందు తాళి కట్టారు. కొత్త లంగా వచ్చిందని సంబరపడ్డాను. జోగిని అంటే ఏమిటో పెద్దమనిషినయ్యాక ఊరి మగవాళ్లు చెప్పారు. నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. నాకు తాళి కట్టిననాడు ఊరి పెద్దలంతా అక్కడే ఉన్నారు.

ఎల్లమ్మ ఏనాడూ దొరల బిడ్డను అడగలేదు. ఎప్పుడూ మా వాడ పిల్లనే. అడిగింది ఆమె కాదు.

14, సోమవారం

రంగంలో భవిష్యవాణి వినడానికి పోదామంది అమ్మ. రానన్నాను. "అమ్మవారికి కోపమొస్తది బిడ్డా" అంది. ఆ మాట వింటూనే పెరిగాను నేను.

2008లో సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినప్పుడు చంకలో రెండేళ్ల పిల్ల, మెడలో ఆ తాళి. తీసేయొచ్చని మొదట చెప్పింది ఒక కార్యకర్త. వర్ని వైపు హేమలతా లవణం గారు జోగినుల మధ్య చేసిన పని గురించి కూడా ఆమె నోటే విన్నాను. అయినా తీయడానికి మూడేళ్లు పట్టింది. తీస్తే పిల్ల చచ్చిపోతుందని భయం. తీసిన రాత్రి దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. పొద్దున్నే లేచి, ఆకలంది.

17, గురువారం

బిడ్డ నర్సింగ్ రెండో ఏడు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసింది. బడిలో చేర్చిననాడు తండ్రి పేరు ఏమని గుమాస్తా పదిమందిలో గట్టిగా అడిగాడు. నేను నేల చూశాను, అది నన్ను చూసింది. ఇప్పుడు అమ్మానాన్నల్లో ఒకరి పేరు చాలు, 2016 చివర్లో నిబంధన మారింది. ఫోన్‌లో నా పేరు అదే కొట్టి, అక్షరాలు సరిచూడమని నా చేతికిచ్చింది. రెండుసార్లు చదివాను. తండ్రి గడి ఖాళీ. అయినా సైటు దరఖాస్తు తీసుకుంది.

25న పొద్దున తొమ్మిదిన్నరకు రమ్మన్నారు.