రెండేళ్లు నడిపిన ఒక అబద్ధపు లోకం



పోయిన ఆదివారం హాస్టల్ రూములో కూర్చున్నప్పుడు ఒక చెల్లెలు అడిగిన ప్రశ్నకి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఈ వారం రాస్తానన్న స్కాలర్‌షిప్పుల సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నా. పొడుగైంది, ఓపిక చేసుకోండి.

ఆ చెల్లెలు సైన్స్ ఫిక్షన్ రాస్తుంది. మనలో కవిత్వం రాసేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు, ఇది రాసే పిల్ల నాకు తెలిసి ఆమె ఒక్కతే. రెండు కథలు పూర్తయ్యాయి. మొదటి కథలో రక్తం చుక్క చూసి కులం చెప్పే మెషీన్ ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని పట్టుకుని నిలబడతాడు. ఆ వాచ్‌మన్‌ది కూడా మన పల్లే. రెండో కథ అంగారకుడి మీద, రెండొందల ఏళ్ల తర్వాత. అక్కడి పిల్లలకి ఒక పాత పుస్తకంలో 'ఊరి బయట' అనే మాట కనపడుతుంది. ఊరి బయట గాలే ఉండదు కదా, అక్కడ మనుషులెట్లా బతికారు అని టీచర్ని అడుగుతారు.

ఆమె స్నేహితుడు "రెంటినీ కలిపెయ్, ఒకే యూనివర్స్ అవుద్ది" అన్నాడట. ఇప్పుడు మన సినిమాలకి పట్టిన పిచ్చే అది, పిల్లాణ్ణి అనుకోడానికేం లేదు. "అక్కా, కలపాలా వద్దా? విడిగా ఉంచితే ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి రాకుండా ఎట్లా చూసుకోవాలి?" అనడిగింది.

పొంతన చెడకుండా లోకాల్ని నడపడం గురించి నాకు కథలు రాయకుండానే కొంత తెలుసు. ఇది ఇంతకుముందు ఇక్కడ రాయలేదు.

2006లో ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చాను. నాలుగు ఇళ్లు చూశాను. నాలుగు చోట్లా మాటలు బాగానే మొదలయ్యేవి, "మీరేమిటోళ్లమ్మా?" దగ్గర ఆగేవి. అయిదో ఇంట్లో ఆ పెద్దాయన అడగ్గానే నా నోటి నుంచి వేరే కులం పేరు వచ్చేసింది. ముందుగా అనుకుని చెప్పింది కాదు. అంబేడ్కర్ బరోడాలో పార్సీ పేరు రాయించుకుని సత్రంలో దిగిన సంగతి మీరంతా చదివే ఉంటారు. పదకొండో రోజున కర్రలతో వచ్చారు. నేను అది చదివి కూడా అదే పని చేశాను. ఇల్లు దొరికింది.

ఒక్క అబద్ధం ఆడితే చాలనుకున్నా. చాల్లేదు. ఇంటావిడ మంచిదే, మాటలెక్కువ. మీ మేనమామ ఏం చేస్తాడు, మీ ఊళ్లో గుడి ఎవరిది, సంక్రాంతికి ఏం పిండివంటలు చేస్తారు. ఒకసారి మామయ్యకి రెండెకరాల నిమ్మతోట ఉందన్నాను, ఇంకోసారి బత్తాయి తోట అన్నాను. ఆవిడ "నిమ్మ కదమ్మా అన్నావు?" అంది. ఆ రాత్రి ఒక నోట్‌బుక్ కొన్నాను. ఎవరికి ఏం చెప్పానో అన్నీ రాసుకున్నాను: మామయ్య, నిమ్మ, రెండెకరాలు. ఇంటిపేరు. డిసెంబర్ 24న ఊరెళ్లడానికి కారణం: డిపార్ట్‌మెంట్ పరీక్ష.

టీవీ సీరియళ్లు రాసేవాళ్లు పాత్రల వివరాలన్నీ తప్పు పోకుండా రాసి పెట్టుకునే పుస్తకాన్ని ఇంగ్లీషులో బైబిల్ అంటారని తర్వాత తెలిసింది. నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ ఇంట్లో మా అమ్మ ఇచ్చిన అసలు బైబిల్ ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఉండేది, ఈ రెండో బైబిల్ దిండు కింద ఉండేది.

రెండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం చెప్పకుండా అమ్మ వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నా. గేటు తీసిన ఇంటావిడకి అమ్మ రెండు చేతులూ జోడించి "వందనాలమ్మా" అంది. అంతే. నిమ్మతోట, గుడి, పిండివంటలు అన్నీ ఆ ఒక్క మాటకి కూలిపోయాయి. అమ్మకి నీళ్లిచ్చారు. సాయంత్రం నేను వచ్చేసరికి ఆ గ్లాసు బయట కుళాయి దగ్గర బోర్లించి ఉంది. నెలాఖరుకి వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడన్నారు.

ఇప్పుడు చెల్లెలి ప్రశ్నకొస్తా.

అసిమోవ్ రోబో కథలూ, ఫౌండేషన్ కథలూ 1940ల నుంచే రాశాడు, రెండూ వేర్వేరు లోకాలు. ఫౌండేషన్‌లో గెలాక్సీ నిండా మనుషులే, రోబోలు లేవు. గ్రహాంతరవాసులూ లేరు. మనిషిదే పైచేయి కావాలనే ఎడిటర్ క్యాంప్‌బెల్‌తో గొడవ ఎందుకని అసిమోవ్ వాళ్లని అసలు పెట్టలేదు. (ఇదే క్యాంప్‌బెల్, నల్లజాతి హీరో అయితే పాఠకులు ఒప్పుకోరని శామ్యూల్ డిలేనీ నవల 'నోవా'ని తన పత్రికలో వేసుకోలేదు.) 1980లలో అసిమోవ్ రెండు లోకాల్నీ కలిపాడు. 1986లో వచ్చిన 'ఫౌండేషన్ అండ్ ఎర్త్' చివర, 1950లనాటి రోబో డానీల్ చంద్రుడి మీద ప్రత్యక్షమవుతాడు. ఇరవై వేల ఏళ్లుగా మనుషుల్ని చాటునుంచి నడిపిస్తున్నది అతనే అని తేలుతుంది. చదివేటప్పుడు నాకూ ఒళ్లు పులకరించింది. తర్వాత కోపం వచ్చింది. మొదటి ఫౌండేషన్‌లో చరిత్రని నడిపేది లెక్కలేనంత మంది జనం, ఒక్క మనిషి కాదు. కలపడంతో అదంతా ఒక మంచి రోబో దయ అయిపోయింది. మన చరిత్రని కూడా ఇట్లాగే రాస్తారు, ఎవరో ఒక పెద్దమనిషి పుణ్యం అని.

లెగ్విన్ పద్ధతి వేరు. ఆన్సిబుల్ అనే యంత్రం 1966 నవల్లోనే పనిచేస్తుంటుంది, దాని వెనక లెక్క కనిపెట్టిన మనిషి కథ 1974లో గానీ రాయలేదు. అతుకులు కనపడితే కనపడనీ అనుకుందామె.

నాకు ఆక్టేవియా బట్లర్ దగ్గర ఎక్కువ పనిపడింది. నల్లజాతి ఆడమనిషి, తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసేది, వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లేది. ప్యాటర్నిస్ట్ నవలల్లో ఆమె ముందు చివరి రోజుల కథ రాసింది, 1976లో. తర్వాత వెనక్కి నడిచి, 1980లో 'వైల్డ్ సీడ్'తో 1690 దాకా వెళ్లింది. చివర ఏమవుతుందో ముందే అచ్చయిపోయింది కాబట్టి దానికి దారి తియ్యాలి. ఆ లోకంలో ఎదుటివాడి మనసులోకి దూరగలగడం అంటే అధికారం. దూరినవాడు యజమాని అవుతాడు. 1993లో 'పేరబుల్ ఆఫ్ ది సోవర్' రాసినప్పుడు మళ్లీ దాదాపు అదే సరుకు తీసింది: లారెన్ అనే పిల్లకి ఎదుటివాళ్ల నొప్పి తన ఒంట్లో తెలుస్తుంది. కానీ ఇక్కడ అది శక్తి కాదు, జబ్బు. తల్లి గర్భంతో ఉండగా మందులకి బానిసవడం వల్ల వచ్చింది. నిజంగా ఎవరి మనసూ చదవలేదు, నొప్పి పడుతుందనుకుంటే చాలు, ఆమెకీ పడుతుంది. ఈ రెండు లోకాల్నీ కలిపితే లారెన్ కూడా యజమానుల జాతిలో పుట్టిన పిల్ల అయిపోతుంది. కొట్టాలంటే దెబ్బ తనూ తినాల్సిన పిల్లగా మిగలదు. బట్లర్ కలపలేదు.

ఇంకో సంగతి. ప్యాటర్నిస్ట్ వరసలోనే 1978లో వచ్చిన 'సర్వైవర్'ని మళ్లీ అచ్చు వెయ్యనివ్వలేదు. కాలక్రమంలో దానికి పొంతన కుదురుతుంది. భూమి మీది మనుషులు ఇంకో గ్రహానికెళ్లి అక్కడివాళ్లతో కలిసే ఆ పాత మూసే ఆమెకి నచ్చలేదు. ఆమె పోయాక 2007లో వచ్చిన సంపుటిలో కూడా అది లేదు. తేదీలు కలిసినంత మాత్రాన ఒక కథ మన లోకంలో ఉండాలని లేదన్నమాట.

కాబట్టి చెల్లీ, నిమ్మా బత్తాయా అనేది నోట్‌బుక్ చూసుకుంటుంది, దానికి భయపడకు. నువ్వు చూసుకోవాల్సింది ఆ లోకంలో ఎవరికి ఏది నొప్పి, ఆ నొప్పికి మూల్యం ఎవరు కడతారు అనేది. మెషీన్ కథలో గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి కడుతుంది. అంగారకుడి మీద ఎవరూ కట్టక్కర్లేదు. రెంటినీ ఒకే లోకం చేస్తే మధ్యలో రెండొందల ఏళ్లు ఉంటాయి, ఆ మెషీన్లని ఎవరో పగలగొట్టి ఉండాలి. నీ స్నేహితుడు 'కాలక్రమేణా పోయింది' అని ఒక్క వాక్యం రాసేయమంటాడు. రాయకు. అదేదో దానంతటదే పోయినట్టు ఇప్పటికే చాలామంది రాస్తున్నారు. ఆ మధ్య కాలం రాయగలిగితే కలుపు. లేకపోతే విడిగా ఉంచు, ఆ పిల్లలు ఏమీ తెలియకుండా ఆ ప్రశ్న అడగనీ.

నిన్న ఫోన్‌లో ఈ మాటలే చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. "మధ్యలో వాళ్లు దాక్కునే ఉంటారు కదక్కా. నీ నోట్‌బుక్ ఉందా, ఒకసారి చూస్తా" అంది.

వెతికాను. ట్రంకుపెట్టెలోనే ఉంది. చివరి పేజీలో అమ్మ ఎందుకు రాదో ఇంటావిడకి చెప్పాల్సిన కారణం రాసి ఉంది: అమ్మ, షుగర్, ప్రయాణం పడదు. ఆ తర్వాత ఏమీ రాయలేదు. ఆదివారం తీసుకొస్తా.