దారి చెప్పిన మాట

విద్యార్థి దశలో ఒకనాడు మేము నకిరేకల్ చౌరస్తాలో నిలిచియుండగా, మందుచీటీ చేతబట్టిన ఒక వృద్ధురాలు "నల్లగొండ బస్సేది, బిడ్డా?" అని అడిగినది. తెలియదనుటకు సిగ్గుపడి ఎదుటనున్న సూర్యాపేట బస్సు చూపితిమి. అది కదలిన పిదప నల్లగొండ బస్సు వచ్చి ఆగినది. ఆ తప్పు నేటికీ మమ్ము బాధించుచున్నది.

వేర్వేరు చోట్లనున్న నెట్‌వర్కులను కలుపు బీజీపీ పద్ధతిని గురించి చదివినప్పుడెల్ల ఆమెయే జ్ఞాపకము వచ్చును. 1989లో లోహీడ్, రెఖ్టర్ అను ఇద్దరు ఇంజనీర్లు భోజనవేళ కాగితపు రుమాళ్లపై గీసిన పద్ధతి యిది. ప్రతి నెట్‌వర్కుకు ఒక సంఖ్య ఉండును. "ఫలానా చిరునామాలకు నా మీదుగా దారి కలదు" అని అది పొరుగునకు చెప్పును. పొరుగు తన సంఖ్యను జోడించి ముందుకు చెప్పును. మొదటినుండి ఇది నమ్మకముపై నడచిన వ్యవహారము.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశములో యూట్యూబును ఆపదలచి చేసిన మార్గప్రకటన పొరపాటున ఎల్లలు దాటినది. పై సంస్థ విచారింపకయే దానిని లోకమునకు చాటినది. సుమారు రెండు గంటలు యూట్యూబు అనేక దేశములకు అందలేదు. ఇప్పుడు ప్రకటన చేయువాని హక్కును సంతకముతో సరిచూచు ఏర్పాటు వచ్చినది; కాని అందరును పాటించుట లేదు.

విద్యార్థులారా! తెలియనిచో తెలియదనుడు. మన మాట నమ్మి బస్సెక్కువారున్నారు.