చలి లేని ఊళ్లో తడితో పోరు

చౌల్దారీ పెరటి కోళ్లకు గడ్డకట్టే చలి తెలియదు. వాటి అసలు శత్రువు వాన

శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) దాటి పల్లెదారి పడితే కొబ్బరి, పోక తోటల మధ్య ఇళ్లు కనిపిస్తాయి. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ ఈ పచ్చదనంలో భాగమే. ఇక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడపడంతో మేలో మొదలైన ముసురు డిసెంబర్ దాకా పూర్తిగా వదలదు. శీతాకాలంలోనూ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగువకు పడిపోవడం అరుదు.

ఈ ద్వీపాల్లో సరుకుల ధర ఓడతో ముడిపడి ఉంటుంది. దాణాలో చాలా భాగం ప్రధాన భూభాగం నుంచి సముద్రం దాటి రావాల్సిందే. అందుకే తోటలో పురుగూ పుట్రా ఏరుకు తిని గుడ్డు పెట్టే పెరటి కోడికి అంత విలువ. గుడ్ల విషయంలో దేశవాళీ జాతుల్లో ముందు వరుసలో నిలిచే పొట్టి కాళ్ల నికోబారీ కోడిది ఈ ద్వీపాలే. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ నికోబార్ దీవుల్లో ఆ జాతిని బాగా దెబ్బతీసింది. దాన్ని కాపాడే పనిని ఇక్కడి కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ చేపట్టింది.

హైదరాబాద్ కోడి, రెండు కొసలు

ఈ పెరళ్లతో తెలుగు నేలకూ ఒక బంధం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపవాసుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కోడి కూడా అండమాన్ చేరింది. అదే కోడి కాశ్మీర్ పెరళ్లకూ వెళ్లింది. ఒకచోట మంచు, మరొకచోట వాన. విచిత్రమేమంటే రెండుచోట్లా పెంపకందారు చేయాల్సిన మొదటి పని ఒక్కటే: గూడును పొడిగా ఉంచడం.

కోడికి చెమట పట్టదు. నెత్తి మీది ఎర్రటి జుట్టు, గొంతు కింద వేలాడే తమ్మెల ద్వారా అది ఒంటి వేడిని కొంత బయటకు వదులుతుంది. అండమాన్ ఉక్కలో వరమైన ఈ ఏర్పాటే మంచులో శాపమవుతుంది. గడ్డకట్టే చలిలో శరీరం రక్తాన్ని లోపలి అవయవాలకు మళ్లించడంతో జుట్టు కొసలు, తమ్మెలు, కాలి వేళ్లు గడ్డకడతాయి. ముందు పాలిపోయి, తర్వాత వాచి, చివరికి నల్లబడతాయి. గూట్లో తేమ ఉంటే ముప్పు మరింత పెరుగుతుంది. చలికి భయపడి కిటికీలన్నీ మూసేస్తే కోళ్ల ఊపిరి, రెట్టల తడి లోపలే నిలిచిపోతాయి. కోళ్ల తలలకు పైన గాలి కంతలు ఉంచడం, ఈదురు గాలి నేరుగా తగలకుండా చూడటం, పొట్ట ఈకలతో వేళ్లు కప్పుకునేలా వెడల్పాటి వాసం అమర్చడం అక్కడి జాగ్రత్తలు. చలి కాటు తగిలిన కోడిని పొడి చోటికి చేర్చి గోరువెచ్చటి నీటితో నెమ్మదిగా వేడి తేవాలి. రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు, నల్లబడిన కొసను కోయకూడదు. కింది కణజాలానికి అదే కవచం.

ఇక్కడి నలుపు వేరు

చౌల్దారీలో జుట్టు మీద నల్లటి పొక్కులు కనిపిస్తే మంచు ప్రాంతాల సలహా పనికిరాదు. ముందుగా అనుమానించాల్సింది దోమలు వ్యాపింపజేసే కోళ్ల మశూచిని. దానికి మందు లేదు, టీకానే రక్ష. జబ్బు కోడిని వేరు చేసి, నీరు నిల్వ లేకుండా చూడాలి. జుట్టంతా నీలంగా మారి కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చెప్పాలి.

తడి నేల మరో జబ్బునూ తెస్తుంది. నెత్తుటి పారుడుకు కారణమయ్యే కాక్సిడియా క్రిములు తేమలోనే విజృంభిస్తాయి, పిల్లలను ముందుగా బలి తీసుకుంటాయి. తడి రెట్టల నుంచి లేచే అమ్మోనియా ఘాటు కళ్లను, ఊపిరిని దెబ్బతీస్తుంది. గుంజల మీద నేలకు ఎత్తుగా గూడు, కింద సందులున్న పోక బద్దల పలక, జల్లు కొట్టకుండా ముందుకు చాచిన చూరు, గాలి ఆడే గోడలు ఇక్కడి వాతావరణానికి సరిపోతాయి. నేల మీద పెంచేవారు ఊక గుప్పెట్లో పిసికితే ముద్ద కట్టకుండా చూసుకోవాలి. కడితే మార్చేయాల్సిందే. నీళ్ల పళ్లెం చుట్టూ ముందు తడుస్తుంది కాబట్టి రోజూ చూడాల్సింది అక్కడే.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చు పని కాదు. టీకాలు, చూరు మరమ్మతు మే నెల తొలి జల్లుకు ముందే పూర్తికావాలి, అంతే. ముసురు పట్టాక ఎండిన ఊక దొరకడమూ కష్టమే.