భిలాయిలో తొలకరి పాఠం

భిలాయి అనగానే మనకు నిప్పులు గ్రక్కే కొలుములు, ఆకాశాన్నంటే పొగగొట్టాలు తలపునకు వస్తాయి. కాని ఆ ఊరు చూచి వచ్చినవారి మనసులో నిలిచిపోయేవి చెట్ల నీడన తిన్నగా సాగిపోయే విశాలమైన రోడ్లు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు అక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సెక్టార్లుగా తీర్చిన ఆ పట్టణానికి దేశం నలుమూలల నుంచీ జనం తరలివచ్చారు. మన ఉత్తరాంధ్ర నుంచి బ్రతుకుతెరువుకై వెళ్ళి, అక్కడే స్థిరపడిన కుటుంబాలెన్నో ఉన్నాయి. మా అక్కయ్యది అటువంటి సంసారమే.

ఒక జూన్ సాయంకాలం, సెక్టార్ 5లోని బాలాజీ మందిరానికి వెళ్ళి తిరిగి వస్తున్నాము. పాత కారు, నడుపుతున్నది నేను. ప్రక్కన మా బావగారు. అప్పుడే తొలకరి జల్లు మొదలై, మట్టివాసన కమ్మగా వీస్తున్నది. మలుపు తిరుగుతుండగా ఎదుట సైకిలు మీద ఒక కుర్రవాడు కనిపించాడు. కంగారుపడి బ్రేకు గట్టిగా తొక్కాను. కారు వెనుకభాగం కుడివైపుకు జారసాగింది.

"బ్రేకు వదులు! వెనుక ఎటు పోతే చక్రం అటే త్రిప్పు!" అన్నారు బావగారు.

త్రిప్పాను. కారు సర్దుకున్నది. కుర్రవాడు వెనుదిరిగి చూడనైనా చూడకుండా సాగిపోయాడు. నా చేతుల వణుకు మాత్రం ఇల్లు చేరినా తగ్గలేదు.

అనువాదం నా వృత్తి. ఇంగ్లీషు పుస్తకాలలో ఈ సందర్భానికి చెప్పే "స్టీర్ ఇంటు ది స్కిడ్" అన్న సూత్రాన్ని ఎన్నోసార్లు చదివాను. దానిని మక్కికి మక్కిగా తెలుగు చేస్తే "జారుడులోకి త్రిప్పు" అవుతుంది. ఏ జారుడు? ఎటు? ఆ క్షణంలో అర్థం వెదుక్కునే వ్యవధి ఎక్కడిది? బావగారి మాటలో సందేహానికి తావు లేదు. వెనుక చక్రాలు కుడికి జారితే స్టీరింగు కుడికి. ఎడమకు జారితే ఎడమకు. కారు సర్దుకోగానే స్టీరింగునూ నేరుగా తేవాలి. లేకుంటే బండి రెండవ వైపుకు విసురుతుంది. ముందు చక్రాలే పట్టు తప్పితే యాక్సిలరేటరు వదలి, స్టీరింగును కాస్త సడలించి, పట్టు తిరిగి దొరికేదాకా ఓపిక పట్టాలి.

వానాకాలమంతటిలో తొలి జల్లే ఎక్కువ ప్రమాదకరం. వేసవి అంతా రోడ్డుపై పేరుకున్న దుమ్ము, నూనె చుక్కలు, టైర్ల అరుగుడు పొడి ఆ కొద్దిపాటి నీటితో కలిసి జిగట పొరగా మారతాయి. పెద్ద వాన వాటిని కడిగివేస్తుంది, జల్లు కడగలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బ్రేకు వేసిన తరువాత పొడి రోడ్డు మీద 20 మీటర్లలో ఆగే కారుకు, తడి రోడ్డు మీద 40 మీటర్లు పట్టవచ్చు. వేగం రెట్టింపయితే ఆ దూరం నాలుగింతలవుతుంది. ఏబీఎస్ ఉన్న కార్లలో బ్రేకును గట్టిగా తొక్కి పట్టి ఉంచవచ్చు. అది లేని పాత బండ్లలో తొక్కుతూ వదులుతూ ఉండాలి. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిందంటే ఆ టైరును మార్చక తప్పదు. స్కూటరుపై వెళ్ళేవారు తడిసిన జీబ్రా చారల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, రైలు పట్టాల మీద బ్రేకు వేయరాదు.

రైలు పట్టాలంటే భిలాయి పేరే చెప్పుకోవాలి. 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా సాగదీసే కర్మాగారమది. ఉక్కుపై ఉక్కు నడిచే ఆ దారిలోనూ జారుడు తప్పదు. అందుకే రైలింజనులో ఇసుక పెట్టెలుంటాయి. తడి పట్టాలపై చక్రం జారినప్పుడు డ్రైవరు ఇసుక చల్లి పట్టు తెచ్చుకుంటాడు.

మన కార్లకు ఇసుక పెట్టెలు లేవు. మనకున్నదల్లా వేగాన్ని ముందే తగ్గించుకునే వివేకమొక్కటే. బావగారి మాట నన్ను ఆనాడు గట్టెక్కించింది. కాని మలుపునకు ముందే నేను నెమ్మదించి ఉంటే, ఆయనకు ఆ మాట అనవలసిన అవసరమే కలిగేది కాదు.