అవ్వ లెక్క

మా తరగతిలో జూన్ నెలలో పుట్టినవాళ్ళే ఎక్కువ. కారణం ఏమీ లేదు, బళ్ళు తెరిచేది జూన్‌లో. చేర్పించను వచ్చిన అమ్మానాన్నల్ని "పుట్టిన తేదీ ఎంత?" అని అడిగితే వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. రాసే సారు పిల్లని ఎగాదిగా చూసి, అయిదేళ్ళో ఆరేళ్ళో వెనక్కి లెక్కేసి ఒక తేదీ వేసేస్తారు. నా తేదీ కూడా అట్లా వచ్చిందే, జూన్ 15. అదే రోజు పుట్టినవాళ్ళు మా హాస్టల్లో ఇంకా ఉన్నారు. అందుకని ఆ రోజు చాక్లెట్లకి కొదవ లేదు.

గోడ పత్రికకి "కాలం విలువ" మీద రాయమని తెలుగు మేడమ్ చెప్పారు. పోయిన కాలం తిరిగి రాదు, గడియారం ఎవరి కోసమూ ఆగదు అని అందరమూ రాస్తాము. నిజమే. అయితే మా నాన్న సెల్లు కొన్నదాకా మా ఇంట్లో గడియారమే లేదు. మరి మా ఇంట్లో కాలం ఎట్లా గడిచింది అని నాకు ఆలోచన వచ్చింది.

మేము యానాదులం. మా ఊరు ఆత్మకూరు దగ్గర. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా అవ్వ నెలలు, తారీఖులు చెప్పదు. ఆమె లెక్క వేరు. "సోమశిల కట్టేటప్పుడు" అంటుంది. "కావలి గాలివాన నాడు" అంటుంది. "మొన్న పెన్న పొంగిందే, అప్పుడు" అంటుంది. ఆ మొన్న 2021 నవంబరు. చిన్నప్పుడు నాకు ఇవి కతల మాదిరి ఉండేవి. ఎనిమిదో తరగతిలో సోషల్ సారుని అడిగితే కావలి దగ్గర తుఫాను దాటింది 1989 నవంబరులో అని చెప్పారు. పెన్న మీద సోమశిల డ్యాము పని 1970లలో మొదలై 1989లోనే పూర్తయిందట. అప్పుడు నాకు తెలిసింది, అవ్వవి కతలు కావు, తారీఖులేనని.

సెలవులకి పోయినప్పుడు కూర్చోబెట్టి అడిగినాను. "గాలివాన నాడు మీ అమ్మ నా కడుపులో ఉండాది మే, ఆరో నెల. గుడిసె లేచిపోతే అందరం పోయి బడి వరండాలో పడుకున్నాం" అని చెప్పింది. అవ్వ బడికి పోయింది ఆ ఒక్క రాత్రే. ఆ లెక్కన మా అమ్మ 1990 మొదట్లో పుట్టింది. సోమశిలలో మట్టి తట్టలు మోసేటప్పుడు అవ్వ "నీ అంత పిల్లని" అంటుంది. అది 1970ల చివర అనుకున్నా ఇప్పుడు ఆమెకి అరవై దాటి ఉండాలి.

ఇంక ఆధార్ కార్డులు చూడండి. అవ్వది 1976 జనవరి 1. అమ్మది 1985 జనవరి 1. కార్డుల ప్రకారం అవ్వ తొమ్మిదేళ్ళకే అమ్మని కన్నది! పాకే వయసులో సోమశిలలో మట్టి మోసింది! పింఛను కోసం ఒక ఆఫీసుకి పోతే వయసు చాలదన్నారు. "నా మోకాళ్ళని అడగమను" అని అవ్వ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా సంగతి కూడా అడిగినాను. "కన్నప్పుడు పక్కన ఉన్నది నేను, నాకు తెలీకపోవడం ఏంది మే? కోతలప్పుడు, పున్నమికి రెండు రోజుల ముందు, తెల్లారుజామున. ఆ పున్నమికి చందమామ బో పెద్దగా ఉన్నాడు" అనింది. సారు ఫోన్లో చూస్తే 2011 మార్చి 19న పున్నమి. ఆ నెల చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడట. అంటే నేను పుట్టింది మార్చి 17. బడి కాగితం కంటే నేను మూడు నెలలు పెద్ద!

"యానాదోళ్ళకి కాలం విలువ తెలీదు" అని కొందరు అంటారు, నా చెవులతోనే విన్నాను. మా తాత వరి మళ్ళల్లో ఎలకలు పట్టేవాడు. కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి కలుగులోకి నోటితో పొగ ఊదాలి. కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది. ఆ కలుగులో ఎలకలు దాచుకున్న వెన్నులే మాకు వడ్లు. అవ్వ నిమ్మతోటలకి కాపలా ఉండేది, రాత్రిళ్ళు కూడా. ఇద్దరూ ఒక్క రోజు కూడా ఊరికే కూర్చోలేదు. వాళ్ళ కాలం అంతా ఎవరి పంటలోనో, ఎవరి తోటలోనో, ఆ డ్యాము కట్టలోనో ఉండిపోయింది. ఎక్కడా రాసి లేదు, అంతే.

మా ఉదయగిరి బడి నుంచి చూస్తే దుర్గం కొండ కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ దుర్గాన్ని 1514లో గెలుచుకున్నాడు. ఏడాదికి పైగా ముట్టడి చేశాడట. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపికి తీసుకొనిపోయి గుడి కట్టించాడు. రాళ్ళ మీద శాసనాలు చెక్కించారు కాబట్టి అయిదు వందల ఏళ్ళయినా మనం పరీక్షలో రాస్తా ఉండాము. మరి అంత పైకి ఆ రాళ్ళు మోసినవాళ్ళు ఎవరు? సారుని అడిగితే "మంచి ప్రశ్న" అని మెచ్చుకున్నారు. జవాబు మాత్రం చెప్పలేదు.

మా వాళ్ళ పేర్లు కాగితంలోకి ఎక్కిన కాలం కూడా ఒకటి ఉండేది. తెల్లవాళ్ళ కాలంలో నేరస్థ జాతుల చట్టం అని ఉండేది. అందులో పేరు ఎక్కితే పోలీసుల ముందర హాజరు చెప్పుకోవాలి. మా వాళ్ళు కొందరు ఆ జాబితాలో ఉండేవాళ్ళు. 1952లో ఆ చట్టం పోయింది. వెన్నెలకంటి రాఘవయ్య గారు మా కులం కాకపోయినా నెల్లూరులో ఉండి మా వాళ్ళ కోసం ఎన్నో ఏళ్ళు తిరిగారు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1973లో ఆయనకి పద్మభూషణ్ వచ్చింది. తన కాలాన్ని ఇంకొకరి కోసం ఖర్చుపెట్టడం అంటే నాకు ఆయనే గుర్తొస్తారు. ఆ పుస్తకం చదివేటంత ఇంగ్లీషు నాకు ఇంకా రాదు. పది అయిపోయేలోపు వస్తుంది.

ఇప్పుడు నేను ఒక నోటు పెట్టినాను. ఎడమ పక్క అవ్వ చెప్పిన మాట, కుడి పక్క సంవత్సరం. వెనక పేజీల్లో ఆమెకి తెలిసిన ఆకులు, వేర్లు. ఉత్తరేణి, తిప్పతీగ, నల్లేరు, ఏది దేనికి వాడతారో. "ఇవి రాసుకొని ఏం చేస్తావు మే?" అంటుంది, మళ్ళీ ఒకటి మర్చిపోతే తనే పిలిచి చెప్తుంది.

కుడి పక్క ఇంకా చాలా ఖాళీలు ఉన్నాయి. తాత చనిపోయింది ఏ ఏడో తేలలేదు, "చింతకాయ బాగా కాసిన ఏడు" అంటుంది అవ్వ. సంక్రాంతి సెలవుల్లో పోయినప్పుడు అది మళ్ళీ అడగాలి. సోమశిలలో ఒక రోజుకి కూలి ఎంత ఇచ్చేవాళ్ళో కూడా అడగాలి.