పసుపు పలికిన సాక్ష్యం

నిత్యం చేతిలో మెలగే వస్తువును గురించి మనిషి ఆలోచించడం తక్కువ. తెల్లవారగానే చేతికందే సబ్బుబిళ్ల అటువంటిదే. అది ఎంతకు వస్తుందో పిల్లలకు తెలుసు. ఎలా తయారవుతుందో తెలియదు. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి సైన్సు బోధించే ఉపాధ్యాయురాలు ఈ కొరత తీర్చదలచి, చేతిపనుల పీరియడుకు సబ్బు తయారీని ఎంచుకొన్నది.

నూనె, క్షారం కలిసి మార్పు చెందితే సబ్బు, గ్లిసరిన్ ఏర్పడతాయి. సబ్బుబిళ్లకు వాడే క్షారం కాస్టిక్ సోడా. నీటిలో కలిపినప్పుడు అది తీవ్రమైన వేడిని పుట్టిస్తుంది. ఒంటిమీద పడితే చర్మాన్ని కాలుస్తుంది. కంటిలో పడితే చూపుకే ముప్పు. అందువల్ల ఆమె ఆ పనిని పిల్లల చేతికి ఇవ్వలేదు. క్షారంతో పని అంతా ముందే ముగిసిన సబ్బుదిమ్మను తెప్పించి, ముక్కలుగా కోసింది. వేడినీటి గిన్నెలో మరొక గిన్నె నిలిపి వాటిని తానే కరిగించింది. వేపాకు పొడి, పసుపు కలపడం, కాస్త చల్లారిన సబ్బును చిన్న గిన్నెలలో పోసి గట్టిపడే వరకు కదపకుండా ఉంచడం పిల్లల వంతు.

ఇంతలో ఒక బాలుడు ఆశ్చర్యంతో కేక వేశాడు. అతడు కలిపిన పసుపు రంగు మారి ఎరుపు తిరిగింది.

"పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుంది కదా! ఇదీ అంతే. సబ్బులో క్షారగుణం ఉన్నదనడానికి పసుపే సాక్షి" అన్నది ఉపాధ్యాయురాలు.

"మరి సబ్బులు లేని కాలంలో బట్టలు ఎలా ఉతికేవారు టీచర్?" అని ఆ బాలుడే అడిగాడు.

కుంకుడుకాయలతో అన్నారు కొందరు. "పట్టుబట్టలకు సరే, బాగా మాసిన ముతకబట్టల మాటేమిటి?" అన్నది ఆమె. అందరూ మౌనం వహించారు.

వెనుక వరుసలోని ఒక బాలికకు సమాధానం తెలుసు. ఆమె నాయనమ్మ ఎన్నో ఏళ్లు చాకిరేవులో ఊరివారి బట్టలు ఉతికింది. కిందటి సంవత్సరం తోటివారు కులవృత్తి పేరుతో పిలిచి నవ్విన నాటినుండి ఆ బాలిక బడిలో ఇంటి మాట ఎత్తడం మానివేసింది. అయినా తెలిసిన జవాబును అణచుకోవడం కష్టం.

"చవుడుతో" అన్నది మెల్లగా.

తరగతి అంతా వెనుదిరిగి చూసింది. "ఎలాగో చెప్పమ్మా" అన్నది ఉపాధ్యాయురాలు. చవుటినేల మీద పేరుకొన్న మన్నును తెచ్చి నీళ్లలో కలపడం, ఆ నీటిలో తడిపిన బట్టలను బాన మీద పేర్చి ఆవిరి పట్టించి ఉబ్బ వేయడం, ఆపైన రేవులో ఉతకడం బాలిక వరుసగా వివరించింది.

మరునాడు ఆమె గుప్పెడు చవుడు తెచ్చింది. ఉపాధ్యాయురాలు ఆ మన్ను కలిపి తేర్చిన నీటిలో పసుపు పూసిన కాగితం ముంచింది. అది ఎర్రబడింది. "ఇందులోనూ సోడా ఉన్నది. జిడ్డును వదలగొట్టేది అదే. ఉప్పునుండి సోడా తీసే పద్ధతికి 1791లో ఫ్రాన్సు దేశస్థుడు లెబ్లాంక్ పేటెంటు పొందాడు. అంతకుముందు ఐరోపావారు సోడా కోసం ఎక్కువగా మొక్కల బూడిదమీద ఆధారపడేవారు. మన రేవులలో ఆ పని ఈ మన్ను చేసింది" అన్నదామె. మునుపు నవ్వినవారే కాగితాల కోసం చేతులు చాచారు.

సాయంత్రం బాలిక తాను చేసిన సబ్బును, ఎర్రబడిన కాగితాన్ని నాయనమ్మ చేతిలో పెట్టింది. ముసలామె కాగితం చూసి నవ్వింది. "ఇది మాకు తెలియనిదా తల్లీ! బట్టమీద పసుపు మరకకు చవుడు తగిలితే ఎర్రగా పొడుచుకొచ్చేది. కంగారుపడక ఎండలో ఆరేస్తే, ఆ మరక తానే వెలిసిపోయేది" అన్నది.

చేతిపని వల్ల పిల్లలకు ఒక వస్తువు దక్కుతుంది. ఆ వస్తువు వెనుక ఉన్న చేతులు కూడా కనబడితే అది విద్య అవుతుంది. పిల్లలు చేసిన సబ్బులు కొద్దికాలానికే అరిగిపోయాయి. ఎండకు పసుపు మరక వెలిసే సంగతి మాత్రం మరునాడే తరగతికి చేరింది. దానిని చెప్పడానికి ఆ బాలిక ఎవరూ పిలవకుండానే ముందు వరుసలోకి వచ్చి నిలిచింది.